అమ్మ ‘గాలి’ అని చదివిన బోర్డు

ఉష్ణమాపకాలు నిజం చెబుతున్నాయో లేదో తేల్చడం నా ఉద్యోగం. నగరం పడమటి అంచున ఉన్న పారిశ్రామికవాడలో, ఏడాది పొడవునా ఒకే చల్లదనంలో ఉంచే ఒక ప్రయోగశాల మాది. కర్మాగారాల నుంచి వచ్చిన మీటర్లను ప్రామాణిక పరికరం పక్కన పెట్టి, ఏది ఎంత తప్పుతోందో రాసి, ముద్ర వేసి పంపిస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. అయినా మా ఇంటి కప్పును ఒకసారి కొలిచి చూడాలన్న ఆలోచన, అమ్మ దాని కింద స్పృహ తప్పి పడిపోయేదాకా నాకు రాలేదు.

మేము అద్దెకున్నది తొండియార్‌పేటలో, మూడో అంతస్తులో. దానిపైన ఆకాశమే. నాన్న పోయాక ఆ ఇంటిని వెతికిపెట్టింది అమ్మ తమ్ముడు, మా మామ. పాత బజారులో హోల్‌సేల్ కాగితం వ్యాపారి ఆయన. ఇల్లయినా కొట్టయినా వాకిలి తూర్పుకుందా అన్నదే ఆయన మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న. ఆ ఇంటి వాకిలి తూర్పుకే ఉంది. మిగిలిన సంగతులు ఎవరూ అడగలేదు. అడగవలసిన చదువు చదివిన నేనూ అడగలేదు. పడకగది పడమటి గోడ సన్నని ఒంటి వరుస ఇటుక. కప్పు ఉత్త కాంక్రీటు పలక. కిటికీలన్నీ ఒక్క వైపే, కాబట్టి లోపలికి వచ్చిన గాలికి బయటికి పోయే దారి లేదు.

ఒక మే నెల మధ్యాహ్నం అమ్మ మంచానికీ నీళ్ల బిందెకూ మధ్య పడిపోయింది. కింది వాటా వాళ్లు ముఖాన నీళ్లు చల్లి నాకు ఫోను చేశారు. ఆస్పత్రి నుంచి తిరిగివచ్చిన సాయంత్రం, నా సంచిలో ఉన్న తుపాకీ ఆకారపు ఉష్ణమాపకాన్ని మొదటిసారి మా కప్పు వైపు తిప్పాను. నలభై నాలుగు డిగ్రీలు. అప్పుడు వేళ ఆరు గంటలు. వీధిలో ఎండ పోయి చాలాసేపైంది, కానీ మధ్యాహ్నం కప్పు తాగిన వేడి కాంక్రీటులో నుంచి దిగి కింది ముఖానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఎండ పోయింది, ఇక చల్లబడుతుంది అని అమ్మ నడుం వాల్చే వేళకే ఆ కప్పు తన పని మొదలుపెడుతోందన్న మాట.

“ఇంకో కత్తిరి ఈమె ఆ కప్పు కింద గడపకూడదు” అన్నారు డాక్టరు. కత్తిరి అంటే మా ఊళ్లో మే నెలలో నిప్పులు కురిసే ఆ కొన్ని వారాలు. ఏసీ పెట్టించమని కూడా ఆయన అన్నారు. అద్దెకు తెచ్చి పెట్టించాను. రెండో రోజుకు అమ్మ మోకాళ్లు బిగుసుకుపోయాయి. మూడో రోజు నేను పని నుంచి వచ్చేసరికి గదిలో ఏసీ ఒంటరిగా తిరుగుతోంది, అమ్మ మెట్ల మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

“ఆ పెట్టె గాలి నాకొద్దు పాపా. అదీగాక దాని వేడంతా పక్కింటి వంటింట్లోకి పోతా ఉండాది. ఆ యమ్మ అన్నం వండుకుంటాదా, ఆమే ఉడికిపోతాదా?”

తర్కంలో తప్పేమీ కనిపించలేదు. పెట్టెను తిరిగి పంపించేశాను. ఇక మిగిలిన దారి ఒక్కటే: తనంతట తాను చల్లగా ఉండే ఇంటిని కొని, వచ్చే కత్తిరి లోపల అందులోకి చేరడం.

వర్షాలు తగ్గినప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇళ్లు చూడడం మొదలుపెట్టాను. అంతకుముందే కాగితం మీద ఒక పట్టిక గీసుకున్నాను. అందులో ఒక్కటే సూత్రం. తర్వాత అమర్చుకోగలిగినవి కింది వరుసల్లోకి, ఎన్నటికీ మార్చలేనివి పై వరుసల్లోకి. సోలార్ పలకలు ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు, తక్కువ కరెంటు తాగే ఫ్యాన్లు మరుసటి రోజే కొనుక్కోవచ్చు. కానీ ఇల్లు ఎటు తిరిగి ఉంది, పడమటి ఎండను ఏ గోడ మోస్తోంది, గాలికి ఎదురెదురు కిటికీలున్నాయా, చుట్టూ మట్టి నేల ఎంత మిగిలింది, వాననీరు ఎటు పోతోంది – ఇవి కట్టినవాడు చేసిన నిర్ణయాలు, కొన్నవాళ్లు అనుభవించవలసినవి. అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో ఒక గీత గీసి రాసుకున్నాను: పై అంతస్తు వద్దు.

మొదట మేము చూసింది పేరులోనే పచ్చదనం ఉన్న ఒక పెద్ద అపార్ట్‌మెంటు. కరపత్రంలో ప్రతి పేజీకి ఒక ఆకు బొమ్మ ఉంది. చూపించడానికి వచ్చిన మేనేజరు మాది తెలుగని వినగానే తనది నెల్లూరన్నాడు.

“మొత్తం గ్రీన్ హోమ్ మేడం ఇది. లాబీలో గోడ నిండా మొక్కలు, పైన సోలార్, లాన్ కూడా ఉంది.”

పడకగదికి నేల నుంచి కప్పు దాకా గాజు గోడ. దిక్సూచి తీసి చూస్తే సరిగ్గా పడమర.

“ఈ గాజు ఎటు చూస్తోందండీ?” అని అడిగాను.

“వ్యూ వైపు మేడం” అన్నాడు.

సోలార్ పలకల కరెంటు ఏ దీపాలకు పోతుందని అడిగితే లాబీ దీపాలకన్నాడు. వాననీటి గుంత మూత తీయించాను. గుంత బాగానే ఉంది, కంకర కూడా పోశారు. కానీ మేడ మీది నుంచి దిగిన గొట్టం దానికి రెండడుగుల దూరంలో నేలలోకి దిగి, తిన్నగా వీధి కాలవలో కలుస్తోంది. ఈలోగా అమ్మ లాన్ అంచున చెప్పులు విడిచి ఒక అడుగు పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది.

“ఏమే, ఈళ్ళ గడ్డి కాలతా ఉండాదే!”

అది ప్లాస్టిక్ గడ్డి. కొలిచాను. యాభై ఎనిమిది. పక్కనే పోసి ఉన్న మామూలు మట్టి నలభై ఒకటి. ఆ రెండు అంకెలనూ కరపత్రంలో ఆకు బొమ్మ పక్కనే రాసి ఇంటికి తెచ్చుకున్నాను.

తర్వాతి వారాల్లో ఇంకో పదకొండు ఇళ్లు చూశాం. ఒకదానికి గాలి ఉంటే నీళ్లు లేవు. ఒకదానికి నీళ్లుంటే కిటికీకి మూరెడు దూరంలో పక్క మేడ గోడ. మార్చి నెల మొదటికి నా పట్టికలో అన్ని గళ్లూ నిండాయి, అన్ని ఇళ్లూ కొట్టేసి ఉన్నాయి. ఒక రోజు వంటింట్లో రెండు పెద్ద తువాళ్లు కొత్తవి కనిపించాయి. తడిపి కప్పుకోవడానికి అమ్మ ముందే కొనిపెట్టుకుంది. అంటే నా పట్టిక మీద ఆమెకు నమ్మకం పోయింది.

ఆ నెలలో ఒక ఆదివారం పురసవాక్కంలో ఇంకో ఇల్లు చూసి, అదీ కాదనుకుని, ఆటోలో తిరిగి వస్తున్నాం. మా వీధికి నాలుగు సందుల ముందర అమ్మ ఒక్కసారి డ్రైవరు సీటును తట్టింది.

“నిలపమను, నిలపమను! పాపా, ఆడ చూడు. గాలి ఇల్లని బోర్డే పెట్టినారు. మనమేమో ఊరంతా ఎతకతా ఉండాము.”

అమ్మ చదువుకున్నది వాషర్‌మెన్‌పేట్‌లోని తెలుగు బడిలో. తమిళ అక్షరాలు బస్సుల బోర్డులు చూసి సొంతంగా నేర్చుకుంది. తమిళంలో క కూ గ కూ ఒకటే అక్షరం; ఎక్కడ ఏది పలకాలో మాట తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ఆ తుప్పు పట్టిన రేకు మీద ఉన్నది ‘వీడు కాలి’. ఇల్లు ఖాళీ అని. అమ్మ దాన్ని తన భాషలోని మాటతో చదివింది: వీడు గాలి.

“అది గాలి కాదమ్మా, కాలి. ఖాళీగా ఉందని. అమ్మకానికి పెట్టారు.”

“ఖాళీ ఇంట్లో గాలి ఉండకూడదని ఎవురన్నా చెప్పినారా? రెండిటికీ ఒకే అక్షరం ఇచ్చినారు గదా. దిగు.”

ఆ బోర్డు నేను రోజూ చూసేదే. రెండు అంతస్తుల పాత కట్టడం. అమ్మకానికి ఉన్నది పైది. ఎర్ర సిరా గీత గుర్తుండి నేను ఎన్నడూ ఆగలేదు. ఆ సంగతి చెబుతూనే అమ్మ వెనక లోపలికి నడిచాను.

ఇంటి యజమాని కింది భాగంలో ఉండే తమిళ పెద్దాయన, హార్బరులో క్రేను నడిపి రిటైరైనవారు. ఆయన మెట్ల దగ్గరే నిలబడి, మేము అడగకముందే దోషం ఒప్పుకున్నట్టుగా చెప్పేశారు: “తెర్కు వాసల్, అమ్మా.” వాకిలి దక్షిణానికి. అందుకే ఎన్నాళ్లుగానో ఖాళీ. వచ్చినవాళ్లు మెట్లెక్కి, గడప ముందు ఫోనులో దిక్కు చూసుకుని, గడప దాటకుండానే దిగిపోతారట. “మధ్యాహ్నం వచ్చి కాసేపు కూర్చోండి అంటాను. ఎవరూ రారు. అందరికీ పొద్దున్నే, మంచి వేళలోనే చూడాలి” అన్నారు.

ముప్పై ఏళ్లు సముద్రం పక్కన ఎత్తున కూర్చుని గాలిని లెక్కగట్టి బరువులు దించిన మనిషి మధ్యాహ్నం రమ్మంటున్నాడంటే, అందులో ఏదో సమాచారం ఉందనిపించింది. మంగళవారం మూడింటికి వస్తానన్నాను.

ఆయన నవ్వారు. “మంగళవారం మూడంటే రాహుకాలం కదమ్మా.”

“అందుకేనండి. ఇంకెవరూ అడ్డం రారు.”

మంగళవారం సెలవు పెట్టాను. ప్రయోగశాల నుంచి, ముద్ర ఉన్న తుపాకీ ఉష్ణమాపకాలు రెండు అడిగి తెచ్చుకున్నాను. ఒకటి అమ్మ చేతికిచ్చి ఇంట్లోనే ఉండమన్నాను. సరిగ్గా మూడుంపావుకు ఆమె మా కప్పును కొలవాలి, నేను ఈ కప్పును. ఒకే నిమిషంలో తీసిన రెండు అంకెలే పోల్చదగినవి.

ఫోనులో అమ్మ గొంతు: “ఈ పిస్తోలు నలభై ఒకటి అంటాంది. నీది?”

నాది ముప్పై నాలుగు అంటోంది. నమ్మలేదు. వింత అంకె వచ్చినప్పుడు ముందుగా పరికరాన్ని అనుమానించడం మా వృత్తిలో మొదటి పాఠం. వెంట తెచ్చుకున్న ఫ్లాస్కులో మంచు, నీళ్లు కలిపి తిప్పి గురిపెట్టాను. సున్నా. పరికరం నిజమే చెబుతోంది. మళ్లీ కప్పును కొలిచాను, నాలుగు మూలలా, నడిమధ్యలో. ముప్పై నాలుగు, ముప్పై నాలుగు, ముప్పై మూడున్నర.

“ఏమే, ఉండావా, పడిపోయినావా?” అంది ఫోనులో అమ్మ.

“ముప్పై నాలుగమ్మా.”

“సరిగ్గా చూడు” అంది. నా మాట ఆమె, ఆమె చేతిలోని పిస్తోలు మాట నేను, ఇద్దరం ఆ వేళ నమ్మే స్థితిలో లేము.

పెద్దాయన వెంట మేడ మీదికి ఎక్కాను. కారణం అక్కడుంది. కాంక్రీటు మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిసతో కొట్టిన జానెడు మందం పొర, దానిపైన సందులు పూడ్చి పరిచిన చిన్న ఎర్ర పలకలు, ఆపైన ఏటేటా పూసే తెల్ల సున్నం. పైన ఎండ ఎంత కాసినా ఆ పొర దాటి కిందికి దిగేసరికి సాయంత్రం గాలి దాన్ని చల్లార్చేస్తుంది. నేను ఎర్ర సిరాతో రాసుకున్నది తప్పు. నన్ను భయపెట్టినది పై అంతస్తు కాదు, పొర లేని కప్పు. ఆ రెండింటినీ ఒకటిగా రాసుకుని, ఆ బోర్డు ముందు నుంచి నెలల తరబడి నడిచిపోయాను. అక్కడే మేడ మీద పట్టిక తీసి ఆ గీత కొట్టేశాను.

కిందికి వచ్చి ఊదువత్తి వెలిగించాను. పెద్దాయన వెంటనే చెప్పులు విడిచి చేతులు జోడించారు. పూజ కాదని చెప్పి, పొగను చూడమన్నాను. దక్షిణపు కిటికీ దగ్గర పట్టుకుంటే పొగ నిలువుగా లేవలేదు. నేలకు సమాంతరంగా గది దాటి, నడవ దాటి, వంటింటి ఉత్తరపు కిటికీలో నుంచి బయటికి వెళ్లిపోయింది. మధ్యలో ఎక్కడా సుడి తిరగలేదు. గాలి మీటరు కూడా అదే చెప్పింది కాని, పొగ చెప్పినంత అందంగా చెప్పలేదు. ఎదుట కార్పొరేషన్ బడి ఆటస్థలం, దాని అంచున గంగరావి చెట్ల వరుస. కాబట్టి ఆగ్నేయం నుంచి వచ్చే సముద్రపు గాలికి అడ్డు లేదు. పడమటి గోడను ఆనుకుని మెట్లదారి ఉంది. సాయంత్రపు ఎండ దెబ్బ మెట్లకే తగులుతుంది, గదులకు కాదు.

ఇక ఎండ. మే నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నగరానికి నడినెత్తిన కూడా ఉండడు, కొంచెం ఉత్తరానికి జరిగి ఉంటాడు. అంటే నగరం మండిపోయే ఆ రోజుల్లోనే దక్షిణపు గోడ తన నీడలో తాను ఉంటుంది. ఎండ దక్షిణం నుంచి లోపలికి వచ్చేది డిసెంబరులో, గోడల చెమ్మ ఆరడానికి మనకు ఎండ కావలసినప్పుడు. జనం ఏ దిక్కును చూసి మెట్లు దిగిపోయారో, ఆ దిక్కే ఈ ఇంటికి గాలినీ నీడనూ ఇస్తోంది.

చివరికి నీళ్లు. పెరట్లో ఒక బావి. మేడ మీద పెద్దాయన ఒక బకెట్టు నీళ్లు కుమ్మరించారు. నేను కింద గుంత మూత తీసి చెవి పెట్టాను. గొట్టంలో గలగల, తర్వాత కంకర మీద చప్పుడు. ఒక్క చుక్క వీధిలోకి పోలేదు. సముద్రం ఇంత దగ్గరైన మా పేటలో నీళ్లన్నీ ఉప్పే. ఈ బావి నీటిలో నా మీటరు చూపిన లవణాల అంకె, మా బోరునీటి అంకెలో మూడో వంతు. పట్టికలో ఇంకా ఒక గడి మిగిలింది, కొత్త కట్టడానికి అయ్యే సిమెంటు, ఇసుక, ఇనుము. ఈ ఇంటి కోసం భూమి ఆ ఖర్చును ఎప్పుడో భరించేసింది. మేము కొత్తగా పెట్టించేదేమీ లేదు. లోపాలు లేవని కాదు. స్నానాల గది ఇరుకు, వైరింగు పాతది, బడిగంట చెవిలోనే మోగుతుంది. అవన్నీ పట్టికలో కింది వరుసలవి.

మామ మిగిలారు. నాన్న పోయినప్పటి నుంచి తమ్ముడి మాట లేకుండా అమ్మ పెద్ద నిర్ణయమేదీ తీసుకోలేదు. దక్షిణపు వాకిలి అని ఫోనులో చెప్పగానే ఆయన, “వద్దు. పెట్టేస్తా ఉండాను” అని నిజంగానే పెట్టేశారు. ఇల్లు చూడకుండా వద్దనడం కుదరదని అమ్మ కబురు పెట్టింది. మరుసటి మంగళవారం మధ్యాహ్నానికి రమ్మన్నాం.

మూడు ఇరవైకే ఆయన వీధిలో ఆటో దిగారు. కాని రాహుకాలం నాలుగున్నర దాకా ఉంది. లోపలికి రానన్నారు. వీధి అరుగు కూడా ఆ ఇంటిదే కాబట్టి దాని మీదా కూర్చోలేదు. బడి గోడ పక్కన, నీడ లేని చోట చూసుకుని మరీ, తెల్ల చొక్కా వీపుకు అంటుకుపోతుండగా గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. నాలుగుంపావు దాటింది. అమ్మ దక్షిణపు కిటికీ ఊచలు పట్టుకుని కిందికి చూస్తోంది.

“రేయ్, చెట్టు కిందన్నా నిలబడరా!”

“నువ్వు ఊరుకో అక్కా. ఇంకా పన్నెండు నిమిషాలే గదా.”

నాలుగున్నర కొట్టగానే అమ్మ పైనుంచి కేకేసింది. “రాహువు పోయినాడు, నేను చూసినా. ఇంక రా.”

మామ మెట్లెక్కి, కుడికాలు లోపల పెట్టి, నేల మీద పరిచిన చాప మీద కూలబడ్డారు. కిటికీకి సరిగ్గా ఎదురుగా. చొక్కా పై గుండీ విప్పారు. మెడ అటూ ఇటూ తిప్పి ఏసీ కోసం గోడలు వెతికారు. లేదు. అప్పుడు గొంతు సవరించుకున్నారు.

“ఇల్లు బాగుండాది, కాదనలేదు. కానీ అక్కా, దక్షిణం వాకిలి. యముడి దిక్కు. మన వంశంలో ఎవురన్నా ఉన్నారా ఇట్లాంటి ఇంట్లో?”

నేను పట్టిక తెరవబోయాను. సూర్యుడి కోణం బొమ్మ కూడా గీసి తెచ్చాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“పోయిన కత్తిరిలో యముడు నన్ను చూసేదానికి వచ్చినాడు గదరా. ఏ దిక్కునించి వచ్చినాడనుకుంటివి? నువ్వు తీసిపెట్టిన ఇంటికి వాకిలి తూర్పే. ఆయన పడమటి గోడలోనించి వచ్చినాడు, కప్పులోనించి దిగినాడు. వాకిలితో ఆయనకి పనే పడలేదు.”

మామ నా వైపు చూశారు. నా చేతిలో పట్టిక తెరవకుండానే ఉంది. ఇరవై ఏళ్లలో నేను రాసిన ఏ నివేదికకూ అంత శక్తి ఉండి ఉండదు.

“నోరు మాత్రం నీది మంచిది కాదక్కా” అన్నారు చివరికి. “సరే. కానీ గడపకి నిమ్మకాయ నేను కడతాను. దానికి మీరిద్దరూ అడ్డం చెప్పకూడదు.”

“కట్టు. గాలికి ఊగతా ఉంటాది” అంది అమ్మ.

ఏప్రిల్ నెల మూడో వారంలో ఆ ఇంట్లో పాలు పొంగించాం. మామ నల్లదారానికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి గుమ్మం పైకమ్మీకి కట్టారు. పెద్దాయన బోర్డు విప్పి పారేయబోతుంటే అమ్మ అడిగి తీసుకుంది. ఇప్పుడది వంటింట్లో బియ్యం డబ్బాకు మూత. ఇంటికి వచ్చినవాళ్లెవరైనా అక్షరాలు కూడబలుక్కుని ‘కాలి’ అని చదివితే అమ్మ దిద్దుతుంది.

కత్తిరి వచ్చింది. డాక్టరు వద్దన్న ఆ వారాలే. రోజూ మూడింటికి కప్పును కొలవడం అమ్మకు అప్పగించాను; ఆమె క్యాలెండరు మీద పెన్సిలుతో అంకె వేసేది. పైకి వెళ్లినది ముప్పై ఆరు వరకే. అయితే నాకు కావలసిన కొలత అది కాదు. పాత ఇంట్లో కరెంటు పోయిన నాలుగైదు నిమిషాలకు, ఎంత నిద్రలో ఉన్నా, అమ్మ ఉలిక్కిపడి లేచి నేల మీద నీళ్లు చల్లుకునేది. ఆ నాలుగైదు నిమిషాలు ఇక్కడ ఎంతవుతాయన్నదే ప్రశ్న. కరెంటు పోవడం నా చేతిలో లేదు. ఫ్యాను ఆపి చూస్తానంటే, “నిద్రపోయేవాళ్ళ మీద పరీక్షలు చేస్తావా?” అని అమ్మ ఒప్పుకోలేదు.

ఒక మంగళవారం నేను ఇంట్లోనే ఉన్నాను. మామ వచ్చారు. మూడింటికి పది నిమిషాల ముందే వచ్చారు. అన్నం తిని, ముఖం తుడుచుకుని, ఊరికే నడుం వాలుస్తానని దక్షిణపు కిటికీ ఎదుట చాప మీద పడుకున్నారు. అమ్మ మంచం మీద. మూడు గంటల ఏడు నిమిషాలకు వీధి వీధంతా ఫ్రిజ్‌ల హోరు ఆగింది. మా ఫ్యాను రెక్కలు నెమ్మదించి, నిలిచిపోయాయి. నేను కుర్చీలో నుంచి కదలకుండా అమ్మ ముఖం చూస్తూ కూర్చున్నాను. ఐదు నిమిషాలు. పది. ఆమె నుదుటి మీద ఒక వెంట్రుక కదులుతోంది, చెమట లేదు. ఇరవై. గుమ్మం పైన నిమ్మకాయ లోపలి వైపుకు వాలి, మెల్లగా ఊగుతోంది. ప్రయోగశాలలో ఎన్ని గాలి మీటర్లకు ముద్ర వేశానో లెక్క లేదు. అంత నమ్మకమైనది ఒక్కటీ గుర్తుకు రాలేదు.

యాభై మూడు నిమిషాలు. సెలవులైనా వాచ్‌మన్ కొట్టే బడిగంట నాలుగింటికి మోగింది. అమ్మ అప్పుడు లేచింది, అదీ ఆ గంట చప్పుడుకు. లేచి కూర్చుని, కాఫీ పెట్టనా అంది. ఆమెకు ఫ్యాను సంగతి తెలియదు. నేను చెప్పలేదు. క్యాలెండరు తీసుకుని ఆ రోజు గడిలో 53 అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

మామ గుర్రు ఇంకా ఆగలేదు. కాఫీ వాసనకు కళ్లు తెరిచి, వెల్లకిలా పడుకునే పైకి చూశారు. 

“ఫ్యాను తిరగలేదే! కరెంటు ఎప్పుడు పోయినాది?”

“నువ్వు పడుకున్న కాసేపటికే మామా.”

ఆయన లేచి కూర్చుని నిమ్మకాయ వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. అమ్మ గ్లాసు ఆయన చేతికిస్తూ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

“నిమ్మకాయ మంచి చోటే కట్టినాను” అన్నారు మామ.

ఇప్పుడు ప్రతి మంగళవారం వస్తారు. రాహుకాలంలో కొట్లో ఏ పనీ మొదలుపెట్టకూడదట. అందుకని మూడు కాకముందే గడప దాటి, నాలుగున్నర దాకా దక్షిణపు కిటికీ ఎదుట పడుకుంటారు. చాప ఎప్పుడూ అక్కడే పరిచి ఉంచుతుంది అమ్మ.